నిన్నటి ఏడుపు

లస్మవ్వకు పాటంటే గిట్టదు. ఈ మాట వింటే కోరుట్లలో ఆమెను ఎరిగినవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. చావింట్లో లస్మవ్వ గొంతెత్తిందంటే ఎంత మొండిఘటమైనా తువ్వాల కళ్ళకు అడ్డం పెట్టుకోవాల్సిందే. రాగం తీస్తుంది, వరుస పెట్టి పిలుస్తుంది, పోయిన మనిషి పడ్డ కష్టమంతా పాడె ఎక్కిన పొద్దు దాకా ఏకరువు పెడుతుంది. ఇది పాట కాకపోతే మరేమిటని ఎవరైనా అన్నారో, వాళ్ళ పని అయిపోయినట్టే.

"పాటేందే పాట? గది ఏడుపు. పాడెటోళ్ళు మస్తుమందున్నరు, పొయ్యి ఆల్లను అడుగు" అని ఒళ్ళోని బీడీల చాట పక్కకు తోసి మరీ కయ్యానికి దిగేది.

ఆ ప్రాంతంలో చావింట్లో మగవాళ్ళకు మగవాళ్ళ పనులు, ఆడవాళ్ళకు ఆడవాళ్ళ పనులు. మగవాళ్ళు పాడె కడతారు, కట్టెలకు పోతారు, డప్పులవాళ్ళకు కబురు పెడతారు. ఆడవాళ్ళు ఏడుస్తారు. ఏడ్వడమంటే ఊరికే కన్నీళ్ళు కార్చడం అనుకునేరు, కాదు. శవం పక్కన కూర్చుని, ఒకరి మెడ మీద ఒకరు పడి, పోయిన మనిషిని నిలదీయాలి. ఎందుకు పోతివి, ఎవరికి చెప్పి పోతివి, నాకిచ్చిన మాట సంగతేంది అని అడగాలి. శవం జవాబు చెప్పదు కాబట్టి ఇంకా గట్టిగా అడగాలి. అట్లా అడిగే గొంతు ఒక్కటైనా లేకుండా పోతే దాన్ని దిక్కులేని చావంటారు. బంగళా ఉన్నా అంతే, గుడిసె ఉన్నా అంతే.

ఈ పనిలో లస్మవ్వవి రెండే పట్టింపులు. తనవాళ్ళకు తప్ప ఏడ్వదు. శవం లేనిదే నోరు తెరవదు. ఉత్తపుణ్యానికి ఏడుపురాగం తీస్తే ఇంటికి అరిష్టమని ఆమె నమ్మకం. బిడ్డ దీప చిన్నతనంలో ఒకసారి ఆటలో బొమ్మ మీద పడి తల్లి రాగమే తీసిందని వీపు విమానం మోత మోగించింది. పాపం ఆ పిల్లకేం తెలుసు, అచ్చం తల్లి లాగే తీసింది.

ఇక ఇప్పటి వినోదాల సంగతి అడిగితే లస్మవ్వ నోటికి అడ్డూ ఆపూ ఉండదు. టీవీలో పాటల పోటీ చూసి, "ఒగడు గొంతు చించుకోవట్టె, నలుగురు కుర్చీలల్ల కూసోని మార్కులెయ్యవట్టిరి. గది పాటనా, పదో తరగతి పరీక్షనా?" అనేది. పెళ్ళి ఊరేగింపులో డీజే వస్తే తలుపు మూసి చెవుల్లో దూది కుక్కుకునేది. బతుకమ్మ పండుగకు కూడా స్పీకరు డబ్బాలు వచ్చిన ఏడు ఆట మధ్యలోనే ఇంటికి తిరిగొచ్చింది. "డబ్బా పాడవట్టె, మనం ఎగురవడితిమి. మరి నోరున్నదెందుకు, గుట్క నమిలెటందుకా?" అని దారి పొడుగునా తిట్టుకుంటూనే వచ్చింది. ఆమె లెక్క ఒక్కటే. చేసేవాడు ఒకడై, చూసేవాడు ఇంకొకడైన తరువాత అది ఏదైనా సరే, మనిషికి అక్కరకు రాదు.

ఆమె మొగుడు బుచ్చన్న కల్లు గీయడానికి తాళ్ళెక్కేవాడు. చెట్లు తగ్గాయి, కల్లు తాగేవాళ్ళు సీసాలకు మళ్ళారు. ఆ వాడకట్టు మగవాళ్ళు అందరూ చేసినట్టే అతనూ దుబాయి పోయాడు. పోయేనాడు బస్టాండులో నవ్వుకుంటూ బస్సెక్కాడు. కొన్నేళ్ళకు శంషాబాదులో విమానం దిగి, అంబులెన్సులో, పెట్టెలో వచ్చాడు. మూత తీయొద్దన్నారు, చూసే తీరులో లేదన్నారు. లస్మవ్వ ఆ పెట్టె మీద పడి ఏడ్చిన ఏడుపు వాడకట్టు మొత్తానికి ఇప్పటికీ గుర్తు. అంతమందికి ఏడ్చింది గాని, ముఖం చూడకుండా ఏడ్చింది ఆ ఒక్కసారే.

ఆ తరువాత ఆమెకు మిగిలినవాళ్ళు ఇద్దరు. ఒకరు బిడ్డ దీప. ఇంకొకరు తోడబుట్టిన అక్క పోచవ్వ.

పోచవ్వది తంగళ్ళపల్లి. ఇద్దరూ ఎల్లారెడ్డిపేట పక్కన పల్లెలో ఒకే కడుపున పుట్టి, ఒకే కంచంలో తిన్నవాళ్ళు. పోచవ్వ మొగుడు సిరిసిల్లలో సాంచెల మీద బట్ట నేసి, ఊపిరితిత్తుల జబ్బుతో ముందే పోయాడు. పిల్లల్లేరు. నూలు కండెలు చుట్టి బతికింది. ఇప్పుడు కిడ్నీలు పాడై, వారం వారం సిరిసిల్ల దవాఖానకు పోయి రక్తం కడిగించుకుని వస్తోంది. చెల్లెలు చూడ్డానికి వచ్చినప్పుడల్లా ఆమె అడిగేది ఒక్కటే.

"లస్మీ, నా కడుపున ఎవ్వలు లేరు. నేను పోయినంక నన్ను పేరు వెట్టి పిలిచి ఏడ్సెటోళ్ళు నువ్వొక్కదానివే. నువ్వు గిట్ల రాకపోతివో, కుక్కను ఈడ్సినట్టు ఈడ్సకపోతరు."

"నోరు ముయ్యే. నువ్వు నన్ను సాగనంపుతవ్, సూడు" అనేది లస్మవ్వ.

"మాటియ్యి ముందు."

"ఇస్తున్న తియ్యి. పది ఊర్లకు ఇనవడేటట్టు ఏడుస్త, సరేనా?"

ఈ మాట తీసుకున్నాక గాని పోచవ్వ ముఖంలో నిమ్మళం వచ్చేది కాదు. చావుకు భయపడని మనిషి ఏడుపు లేకుండా పోవడానికి భయపడేది.

ఇట్లా ఉండగా దీప హైదరాబాదు నుంచి దిగింది. జగిత్యాలలో డిగ్రీ అయ్యాక నాటకాల చదువంటూ పట్నం పోయిన పిల్ల. ఆ చదువు చదివితే ఏం ఉద్యోగం వస్తుందని వాడకట్టులో అందరూ అడిగారు, లస్మవ్వా అడిగింది, దీప చెప్పలేదు. ఇప్పుడు వచ్చి, తమ బృందం ఒక మ్యూజికల్ చేస్తోందనీ, మొదట జగిత్యాల, తరువాత కోరుట్ల, ఆఖరున సిరిసిల్లలో ఆడతారనీ చెప్పింది.

"మ్యూజికలంటే?"

"మాటల బదులు పాటలతోని నడిచే నాటకం అమ్మా."

"చిందోళ్ళ ఆట లెక్కనా?"

"గట్లనే అనుకో. గని ఇది మన ఇంటి కథ. నాయిన కథ. నేనే రాసిన." దీప అసలు మాట బయటపెట్టింది. "ఆఖర్ల పెట్టె అస్తది. పెట్టె మీద వడి నువ్వు ఏడ్వాలె."

లస్మవ్వ చేతిలో బీడీ విడిపోయింది. "ఎవలు సచ్చిన్రని ఏడ్వాలె?"

"నాయిన కోసమే."

"మీ నాయినకు ఏడ్సుడు అయిపాయె గదనే. పీనుగ లేని కాడ ఎట్ల ఏడుస్తనే? నీకేమన్న పిచ్చి గిట్ల లేసిందా?"

దీప వచ్చి తల్లి పక్కన చతికిలబడి, చాటలోని ఆకు ఒకటి తీసి వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చుంది. "అమ్మా, నాకు నాయిన మొకం యాదికి లేదు. నువ్వు ఏడ్సిందైతె మాట మాట యాదున్నది. నాకు నాయినంటె గదే. గా ఒక్కటి నలుగురు వినాలె అంతే."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. బిడ్డకు తండ్రంటే తన గొంతేనని లస్మవ్వకు అన్నాళ్ళూ తెలియదు. పోచవ్వ బతికుంది, బిడ్డ బతికుంది, అయిపోయిన చావుకు మళ్ళీ ఏడిస్తే కొత్తగా వచ్చే అరిష్టం ఏముంటుందిలే అని మనసుకు సర్దిచెప్పుకుంది. సరేనంది.

రిహార్సళ్ళు జగిత్యాలలో, ఖిల్లా దగ్గర ఒక ఫంక్షన్‌హాల్లో. లస్మవ్వ రోజూ పొద్దున బస్సెక్కి పోయేది. మొదటి రోజే ఆమెకు తిక్క లేచింది. దుబాయి పోయే మనిషి పాస్‌పోర్టు చేతికిచ్చే ఏజెంటు పాట పాడుతున్నాడు. విమానాశ్రయంలో కాగితాల మీద ముద్ర వేసే ఆఫీసరు పాట పాడుతున్నాడు. నల్ల బట్టలు వేసుకున్న పిల్లలు నలుగురు ఖాళీ పెట్టెను భుజాన పెట్టుకుని వంగుతున్నారు, లేస్తున్నారు, గిరగిరా తిరుగుతున్నారు.

"పీనుగును మోసుకుంట ఎగురుడేంది సారూ?" అని నాటకం నడిపించే శ్రీహరిని అడిగేసింది.

శ్రీహరి హైదరాబాదువాడు, ఓపికమంతుడు. "ఇది మ్యూజికల్ అమ్మా. మాట చాలనప్పుడు పాట వస్తుంది. పాట చాలనప్పుడు డాన్స్ వస్తుంది" అన్నాడు.

"మరి డాన్సు గూడ సాలకపోతె?"

"ఇంటర్వెల్ ఇస్తాం" అని నవ్వాడు. లస్మవ్వ కూడా నవ్వింది గాని, లోపల ఒప్పుకోలేదు. చిందోళ్ళు యక్షగానం ఆడేటప్పుడు కూడా మాటకు బదులు పాటే. అక్కడ పాడేది దేవుళ్ళు, రాజులు. వాళ్ళకేం, ఎట్లాగైనా మాట్లాడుకుంటారు. బుచ్చన్న ఏనాడు పాట పాడాడు? ఫోను చేస్తే, తిన్నవా, పిల్ల తిన్నదా అని అడిగి పెట్టేసేవాడు. ఆ మనిషి స్టేజి మీద చేతులు చాపి ఎడారి గురించి పాడుతుంటే వీడెవడో వేరేవాడు అనిపించింది. నచ్చలేదు. ఎంత ప్రయత్నించినా నచ్చలేదు.

అంతకంటే నచ్చనిది రాకేశ్ వాయించే శాక్సాఫోను. రాకేశ్ కోరుట్లవాడే. వాళ్ళ నాయన పెళ్ళిళ్ళ బ్యాండుసెట్టులో ఊదేవాడు, డీజేలు వచ్చాక మూలన పడ్డాడు. రాకేశ్ చర్చిలో నేర్చుకుని, పట్నం పోయి, అక్కడ పెద్ద హోటళ్ళలో జనం తింటుంటే జాజ్ వాయిస్తాడు. తినేవాళ్ళు ఎవరూ తలెత్తి చూడరని అతనే చెప్పాడు. ఆ వాయిద్యం ఎత్తుకునేది ఒకటి, పోయేది ఇంకొకటి. బస్సెక్కినవాడు దిగాల్సిన ఊరు మరిచిపోయి ప్రతి స్టాపులోనూ లేచి నిలబడ్డట్టు ఉంటుంది లస్మవ్వకు.

"గిదేం రాగం కొడుకా? మొన్నటిది నిన్న లేదు, నిన్నటిది ఇయ్యాల లేదు."

"జాజంటే గంతే పెద్దమ్మా. ఏ రోజుది ఆ రోజే. ముందుగాల అనుకోని ఊదుడు ఉండది. అమెరికాల నల్లోళ్ళు, మనకంటె ఎక్కువ తిప్పలు వడ్డోళ్ళు, పుట్టిచ్చిన సంగీతం."

"ఆల్ల తిప్పలు ఆల్లు ఊదుకున్నరు, మంచిగనే ఉన్నది. మీ పెద్దయ్య సావుకు గిదెందుకు?"

రాకేశ్ తల గోక్కుని, కర్చీఫుతో వాయిద్యం తుడుచుకున్నాడు.

అసలు పేచీ ఏడుపు దగ్గర వచ్చింది. మొదటి రోజు లస్మవ్వ పెట్టె మీద చేతులు వేసి కళ్ళు మూసుకునేసరికి బుచ్చన్న బస్సెక్కిన రోజు వచ్చి నిలబడింది. ఏడ్చింది. పెట్టె మోసే పిల్లల్లో ఒకమ్మాయి వెక్కివెక్కి ఏడ్చింది. శ్రీహరి లేచి వచ్చి దండం పెట్టాడు. రెండో రోజు ఆమెకు వేరే సంగతి యాదికొచ్చింది, బుచ్చన్న కొనిచ్చిన చెప్పుల సంగతి, వేరే మాటలు వచ్చాయి, వేరే చోట గొంతు తెగింది.

శ్రీహరి నెమ్మదిగా దగ్గరికొచ్చాడు. "అమ్మా, చాలా బాగుంది. కానీ నిన్నటిది ఇంకా బాగుంది. నిన్నటిలాగే చేయాలి."

"నిన్న ఏడ్సింది నిన్ననే పాయె గద సారూ."

"లైట్లు వేసేవాడికి, పెట్టె మోసేవాళ్ళకు మీ మాట గుర్తు ఉండాలి. మీరు 'నీ మొకం నాకు సూపరు' అన్న దగ్గర ఆగాలి. అక్కడ రాకేశ్ ఊదుతాడు. అతను ముగించాక మీరు మళ్ళీ ఎత్తుకోవాలి."

లస్మవ్వకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఏం న్యాయమిది? గా పోరడు రోజుకో తీరు ఊదచ్చు, నేను మాత్రం నిన్నటి లెక్కనే ఏడ్వాలెనా? ఏడుపు నాదా, ఆనిదా?"

అందరూ నవ్వారు. దీప మాత్రం నవ్వలేదు, బతిమాలింది. "అమ్మా, ఇది నా మొదటి నాటకం. ఇది ఆడకపోతె నన్ను మళ్ళ ఎవ్వలు పిలువరు." బిడ్డ కళ్ళలో భయం చూసి లస్మవ్వ మెత్తబడింది. నేర్చుకుంది. దీప ఫోనులో రికార్డు చేసిన మొదటిరోజు ఏడుపును తానే విని, ఒంట పట్టించుకుంది. బీడీలు చుట్టేటప్పుడు, బస్సులో కూర్చున్నప్పుడు లోపల అనుకునేది:

*ఓ నా రాజా, నడిసిపోయినోనివి,*
*నలుగురు మోత్తె ఇంటికస్తివా,*
*నీ మొకం నాకు సూపరు...*

ఇక్కడ ఆగాలి. రాకేశ్ ఊదుతాడు. తరువాత:

*పెట్టె మూత తియ్యనియ్యరు,*
*నీ పెదవి తడుపనియ్యరు...*

ఆగే చోట ఆగడం మొదట ఎంత కష్టమైందో చెప్పలేం. పారే నీటికి అడ్డం నిలబడ్డట్టే. పోనుపోను అలవాటైంది. ఆగినప్పుడు ఎడమ పక్కకు తల తిప్పేది, అక్కడ చీకట్లో రాకేశ్ బుగ్గలు పూరించేవాడు.

జగిత్యాలలో ఆట నాడు హాలు నిండింది. దుబాయి, మస్కటు ముఖం చూడని ఇల్లు ఆ జనంలో ఒక్కటి కూడా లేదేమో. లస్మవ్వ ఏడ్చింది, ఆగింది, శాక్సాఫోను మూలిగింది, మళ్ళీ ఎత్తుకుంది. అయిపోయింది. చప్పట్లు మొదలయ్యాయి. లస్మవ్వ ఉలిక్కిపడింది. ఏడిస్తే చప్పట్లు కొట్టడమేంటి? చావింట్లో అట్లా కొడితే చెప్పుతో కొట్టరూ? కానీ జనం లేచి నిలబడి కొడుతున్నారు. బయటికొస్తే ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళు చేతులు పట్టుకుని వదల్లేదు. ఒకామె కాళ్ళకు దండం పెట్టబోయింది. ఉన్నమాట చెప్పాలంటే లస్మవ్వకు సంతోషమైంది. సిగ్గుపడింది, సంతోషమూ పడింది. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

కోరుట్లలో రెండో ఆట. అక్కడ సొంత వాడకట్టు వాళ్ళంతా వచ్చారు. లస్మవ్వ మాట తప్పకుండా, చోటు తప్పకుండా చేసింది. జగిత్యాలలో కన్నీళ్ళు వచ్చాయి. కోరుట్లలో రాలేదు. చప్పట్లు మాత్రం కోరుట్లలోనే ఎక్కువ. అవి మొదలయ్యేముందే వాటి కోసం చూశానని ఆమెకు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునేటప్పుడు తెలిసింది. తెలిసి, ఇంకో చెంబు ముంచుకుని ముఖానికున్న పౌడరు కడుక్కుంది.

సిరిసిల్ల ఆటకు ఇంకా వ్యవధి ఉంది. ఈలోపు అక్కను చూద్దామని తంగళ్ళపల్లి పోయింది. పోచవ్వ మంచంలో ఉబ్బిన కాళ్ళతో ఉంది. చెల్లెల్ని చూసి మాత్రం నవ్వింది.

"ఏందే, స్టేజెక్కి ఏడుస్తున్నవట? పక్కింటి గీత ఫోన్ల సూపెట్టింది. నీ మొకానికి పౌడరు గూడ రాసిన్రు గద."

"బిడ్డ కోసం చేసిన అక్కా."

"చెయ్యి, చెయ్యి. మరిదికి రెండోసారి గూడ మంచిగనే ఏడ్సినవ్." పోచవ్వ ఆయాసపడి, నీళ్ళు తాగి, చెల్లెలి చేయి మీద చేయి వేసింది. నవ్వు పోయింది. "నాకు జర మిగుల్చుకోవే."

"నీ నోట్లె మన్ను వొయ్య, గవేం మాటలే" అని లస్మవ్వ కసిరింది. కసిరింది గాని ఆ మాట మనసును వదల్లేదు. ఏడుపు గాదెలో గింజలా, తరిగిపోవడానికి? తరగదు. అమ్మకు ఏడ్చాక నాయనకు రాలేదా? నాయనకు ఏడ్చాక బుచ్చన్నకు రాలేదా? ఎప్పటికప్పుడు ఊరుతూనే ఉంది. ఇట్లా అనుకుని ధైర్యం తెచ్చుకుంది. అక్కకు జావ కాచి తాగించి, తల దువ్వి, బస్సెక్కింది.

సిరిసిల్ల ఆట ఇంకా రానే లేదు, పోచవ్వ పోయింది. దవాఖాన నుంచి వస్తూ ఆటోలోనే ప్రాణం విడిచిందని గీత ఫోను చేసి చెప్పింది. దీప వెంటనే శ్రీహరికి ఫోను చేసి ఆట ఆపించింది. తల్లీబిడ్డా తంగళ్ళపల్లి బయలుదేరారు. దారి పొడుగునా లస్మవ్వ అక్కకు ఏం చెప్పి ఏడ్వాలో వెతుక్కుంటోంది. ఎప్పుడూ వెతుక్కున్న మనిషి కాదు. శవం ముఖం చూడగానే మాటలు వాటంతట అవే వచ్చేవి. ఇప్పుడు వెతుక్కోవాల్సి రావడమే ఆమెకు భయం పుట్టించింది.

పోచవ్వను వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. ముఖం కడిగి, నుదుట విబూది పెట్టారు. ముఖం బోర్లించిన కంచంలా ప్రశాంతంగా ఉంది. చుట్టూ వాడకట్టు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఎవరూ గట్టిగా ఏడ్వడం లేదు, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నారు. లస్మవ్వ ఆటో దిగగానే, "చెల్లె అచ్చింది, జరుగుండ్రి, చెల్లె అచ్చింది" అని దారి ఇచ్చారు. వాళ్ళంతా ఆమె కోసమే ఆగారు. ఆమె ఎత్తుకుంటే వెనక అందుకుందామని ఆగారు.

లస్మవ్వ అక్క తల దగ్గర కూలబడింది. చల్లటి నుదుటి మీద చేయి వేసింది. గొంతు లేచింది.

*ఓ నా అక్కా, నాతోటి పుట్టినదానివి,*
*నన్ను సంకల మోసినదానివి,*
*నీ మొకం నాకు సూపవా...*

ఆగింది.

వెనక ఆడవాళ్ళు గొంతు సవరించుకున్నారు. తరువాతి మాట వస్తే అందుకుందామని చూస్తున్నారు. రాలేదు. లస్మవ్వ తల ఎడమ పక్కకు తిరిగింది. అక్కడ గోడకు ఆనించిన సైకిలు ఉంది. పక్క సందులో సాంచెలు ఆడుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆమె ఎదురుచూసింది. ఊదేవాడు ఊదడం ముగిస్తేనే గాని తాను ఎత్తుకోకూడదు. ఎంతసేపు అట్లా చూసిందో, దీప వచ్చి భుజం మీద చేయి వేసేసరికి ఉలిక్కిపడి నోరు తెరిచింది.

*పెట్టె మూత తియ్యనియ్యరు,*
*నీ పెదవి తడుపనియ్యరు...*

ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెట్టె ఎక్కడిది? అక్క ముఖం ఆకాశం కిందే ఉంది, కావాలంటే ఎవరైనా తాకొచ్చు.

లస్మవ్వకు తాను ఏమందో అర్థమైంది. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. అక్కా అని పిలిచింది, వరుస పెట్టింది, ఒకే కంచంలో తిన్న సంగతి చెబుదామనుకుంది. గొంతు మాత్రం పాత బాటనే పట్టింది, అదే ఎత్తు ఎక్కింది, అదే చోటికి వచ్చి ఆగింది. తల దానంతట అదే ఎడమకు తిరిగింది. ఇంకోసారి ప్రయత్నిస్తే ఇంకోసారి అంతే. లోపల దుఃఖం కొండంత ఉంది. అక్క లేదన్న సంగతి కడుపులో పొడుస్తోంది. పొడిచింది పొడిచినట్టు బయటికి రావడానికే దారి లేదు.

వెనక ఎవరో చిన్న గొంతుతో అన్నారు. "గీమెనేనే నాటకంల ఏడ్సింది."

"కోరుట్లల గింతకంటె మస్తు మంచిగ ఏడ్సిందట గద" అంది ఇంకొకామె. పాపం, తప్పుపట్టాలని అనలేదు. విన్నమాట చెప్పింది. రికార్డు చేద్దామని ఫోను పట్టుకున్న పిల్ల దాన్ని నెమ్మదిగా దించేసింది.

లస్మవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ఇక తెరవలేదు. చివరికి పక్కింటి గీత, రక్తసంబంధం లేని మనిషి, పోచవ్వా పోచవ్వా అని రెండు మాటలు ఏడ్చింది. ఆమెకు రాగం రాదు, వరుస తెలియదు. ఇద్దరు ముగ్గురు ఆమె వెనక అందుకున్నారు. అది కాస్తా తొందరగానే ఆగిపోయింది. డప్పులు మొదలయ్యాయి. ఒక ముసలామె లస్మవ్వ వీపు నిమిరి, "ఏడుపు రాక గాదు, పిల్ల బిత్తరపోయింది" అని అందరికీ వినపడేలా సర్దిచెప్పింది. ఆ జాలి తిట్టు కంటే ఎక్కువ తగిలింది.

పాడె ఊరు దాటాక, సగం దారిలో కిందికి దించారు. దాన్ని దింపుడుకల్లం అంటారు. పోయిన ప్రాణం ఒకవేళ దగ్గరలోనే తచ్చాడుతుంటే తిరిగొస్తుందని, అక్కడ చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. కొడుకులు పిలవాలి. పోచవ్వకు లేరు.

పెద్దమనిషి ఒకాయన అటూ ఇటూ చూసి, "తోడవుట్టినదానివి, నువ్వే పిలువమ్మా" అన్నాడు.

లస్మవ్వ ముందుకొచ్చి దుమ్ములో మోకాళ్ళ మీద కూర్చుంది. వంగింది. "అక్కా" అని పిలిచింది. డప్పులు ఆగాయి, అందరూ వింటున్నారు. "అక్కా" అని మళ్ళీ పిలిచింది.

మూడోసారి ఇంకా వంగి, పెదవులు చెవికి ఆనించింది. రాగం లేదు. ఫోనులో తిన్నవా అని అడిగినంత మామూలుగా, ఎవరికీ వినపడకుండా చెప్పింది.

"నీ ఏడుపు నా దగ్గర లేదే అక్కా. ఆడ స్టేజి మీద ఇచ్చి అచ్చిన."

"మూడుసార్లు పిలిచినవా?" అని పెద్దమనిషి అడిగాడు.

పిలిచిన అన్నట్టు ఆమె తల ఊపింది. పాడె లేపారు.